తేమ తగ్గాకే రంగు

13 జూన్ 1976, ఆదివారం

రమణ పుట్టింటికి వెళ్ళింది. మార్పు కోసం. మనిషికి అప్పుడప్పుడూ మార్పు ఉండాలి.

జీపు ఇంటికి వచ్చి నేటికి వారం. సంగారెడ్డి వేలంలో పాడుకున్నాను. ఏదో సర్వే ఆఫీసువాళ్ళు వాడి వాడి వదిలేసిన పసుపుపచ్చ జీపు. ఇంజను బంగారం. తుప్పుంది గానీ పైపై తుప్పే, రేకును తినలేదు. గోటితో గీకి చూశాను, ఉప్పుకాగితంతో రుద్ది చూశాను, చెవి ఆనించి తట్టి కూడా చూశాను. ఫ్యాక్టరీ పెయింట్ షాపులో ఇన్‌స్పెక్టరుగా ఉంటూ ఇంటి జీపుని తుప్పుతో తిప్పితే నలుగురూ నవ్వరూ?

రమణ కూడా వెళ్ళేముందు తుప్పు గురించే అంది. అంటే సరిగ్గా తుప్పు గురించి కాదు. బావమరిది నరసింహమూర్తికి ఫిబ్రవరిలో మూడో ఆడపిల్ల పుట్టింది కదా, "అక్కా, ఈ పిల్లని మీరు పెంచుకోండి" అన్నాట్ట. జీపు పని అయ్యాక ఆలోచిద్దామన్నాను. "పెళ్ళయినప్పట్నించీ ఆలోచిస్తూనే ఉన్నాం" అంది. "అయినా పిల్లలెందుకే, జీపుంది కదా" అన్నాను. హాస్యానికే. పక్కింటివాళ్ళు వింటే పడి పడి నవ్వేవాళ్ళు.

రమణ నవ్వలేదు. పెట్టె సర్దుకుంది.

15 జూన్

వంకాయ మాడిపోయింది.

20 జూన్, ఆదివారం

ఇవాళ పని బాగా సాగింది. తుప్పు రెండు పక్కలా తలుపు రేకుల మీదే ఎక్కువ. పైన అంచు దగ్గర నీళ్ళు నిలిచి, కిందికి కారుతూ కారుతూ సన్నబడింది. వైరు బ్రష్షుతో గీకి, ఉప్పుకాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూత వేశాను. మా షాపులో పద్ధతి ఏమిటంటే పూత అంచులు తిన్నగా ఉండాలి, వంకరటింకరగా ఉంటే నేనే తిప్పి పంపిస్తాను. అందుకని టేపు అంటించి గీత కొట్టినట్టు వేశాను. పైన వెడల్పుగా, కింద మొనదేలి, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. పసుపు మీద ఎరుపు. చూడముచ్చటగా ఉంది.

పైరంగు వేద్దామనుకునేసరికి మబ్బు పట్టింది. గాలిలో తేమ ఉండగా రంగు వెయ్యకూడదు. వేస్తే పొర కింద మళ్ళీ తుప్పు పుడుతుంది. తేమ తగ్గాకే రంగు.

27 జూన్, ఆదివారం

బండిని ఇంద్రేశం దాకా తోలి చూశాను. ఊళ్ళోకి అడుగుపెట్టగానే జనం పరుగులు తీశారు. జనమంటే మగవాళ్ళు. రచ్చకట్ట మీద పేకాడుతున్నవాళ్ళు పేక అక్కడే పారేసి గోడ దూకారు. ఒకాయన గడ్డం సగం గీయించుకుని సబ్బు నురగతోనే చేలకి అడ్డంపడ్డాడు. మంగలి కూడా ఆయన వెనకే.

ఈ ప్రాంతంవాళ్ళకి వేగంగా వెళ్ళే బండి అలవాటు లేదు. ఇకమీదట ఊళ్ళలో నెమ్మదిగా తోలాలి.

4 జూలై, ఆదివారం

నెమ్మదిగా తోలాను. ఇంకా ఎక్కువమంది పరిగెత్తారు.

9 జూలై

కిరసనాయిలు కోసం రేషన్ షాపు దగ్గర జీపు ఆపాను. వరస రోడ్డు దాకా ఉంది. నేను దిగేసరికి వరస లేదు. ఆడవాళ్ళు నలుగురు మిగిలారు, వాళ్ళు కూడా పక్కకి జరిగి దారి ఇచ్చారు. షాపాయన నా డబ్బా నిండా పోసి, అడక్కుండానే చక్కెర పొట్లం కట్టి, "సార్, నాకు ఇద్దరే సార్, ఇద్దరూ చిన్నోళ్ళు సార్" అన్నాడు. చల్లగా ఉండాలి అని దీవించాను.

జీపున్న మనిషికి మర్యాద వేరు. రమణ ఉంటే చూసేది.

14 జూలై

మా ఇంటి ఓనరు మొగులయ్య కనబడ్డం లేదు. ఇల్లు ఒకే వాకిలి, వాళ్ళు ముందు గదుల్లో, మేము వెనక గదుల్లో. పొద్దున్నే వేపపుల్లతో వాకిట్లో నిలబడి ఊరందరి సంగతులూ చెప్పే మనిషి. ఆయన భార్య కౌసల్యమ్మని అడిగితే "ఊరికి పోయిండు" అంటుంది. ఏ ఊరంటే చెప్పదు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నట్టున్నారు. పాపం. కాపురాలు నిలబెట్టుకోవడం అందరికీ చేతకాదు.

18 జూలై, ఆదివారం

ఇవాళ జరిగింది రాయక తప్పదు.

రుద్రారం నుంచి పెద్దరాములు అని ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, సావకాశంగా పంచె సర్దుకున్నాడు.

"సారూ, నేను తయారున్న."

"దేనికండీ?"

"గదే, ఆపరేషన్‌కు. పట్టుకపోయి కోస్తరని అందరు ఉరుకుతున్నరు గని, నేనైతే ఉరకలేను. మోకాళ్ళు సాతనైత లేవు. అందుకే నడుసుకుంట నేనే వచ్చిన."

నేను ఆస్పత్రివాణ్ణి కాదన్నాను. ఆయన నవ్వి జీపు వైపు చూపించాడు. "నాకు సదువు రాదు, కండ్లైతే ఉన్నయ్. పసుపు మీద ఎర్ర ముక్కోణం. ఊరూర గోడల మీద గదే బొమ్మ. రేడియోల గదే ముచ్చట."

అప్పుడు చూశాను. నా చేత్తో నేనే, టేపు అంటించి, గీత కొట్టినట్టు దిద్దిన కుటుంబ నియంత్రణ గుర్తు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి.

జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాను. ఆ తర్వాత, ఈ వయసులో ఆయనకి ఆపరేషన్ ఎందుకని అడిగాను.

"చేయించుకున్నోళ్ళకు నెయ్యి డబ్బా ఇస్తున్నరంట గద?"

"పిల్లలెంతమంది మీకు?"

"ఎనమండుగురు. ముసల్ది పోయి పదేండ్లాయె. ఇగ పుట్టరు తియ్యి. నెయ్యి ఉట్టిగ ఎందుకు పోవాలె?"

తుప్పు గురించి చెప్పాను. రెడ్ ఆక్సైడ్ గురించి చెప్పాను. తేమ గురించి కూడా చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నాడు. "గట్లనే చెప్పాలె సారూ, మీకు గట్లనే చెప్పమని ఆర్డరుంటది" అని, రేపు కూడా వస్తానని వెళ్ళిపోయాడు.

19 జూలై

వచ్చాడు. ఇంట్లో ఉన్న నెయ్యి గిన్నెడు ఇచ్చి పంపించాను.

20 జూలై

కౌసల్యమ్మని నిలదీశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "మా ఆయన ఏడికి పోతడు సారూ, జొన్నచేన్ల మంచె మీద పండుకుంటున్నడు. మాకు ఐదుగురాయె. గా బండి వాకిట్ల ఉన్నన్ని దినాలు ఇంట్ల అడుగుపెట్టనంటడు. అన్నం నేనే మోస్తున్న."

"మీరు చెప్పచ్చు కదమ్మా, నేను ఫ్యాక్టరీ మనిషినని?"

"చెప్పిన. సారు మంచోడే, బండి మీదనే నమ్మకం లేదన్నడు. జెర గా రంగైన ఎయ్యి సారూ, మీ కాల్మొక్త."

వాన పడుతోంది. వానలో రంగెలా వేస్తాను?

25 జూలై, ఆదివారం

గుర్తు మీద తార్పాలిన్ కప్పి తోలాను. బండిలో ఎవరినో పట్టి దాచామని పుకారు పుట్టింది.

త్రికోణాన్ని నలుచదరం చేసెయ్యమని మా పెయింట్ షాపులో సలహా ఇచ్చారు. అంటే మంచి రంగు మీద ప్రైమరు పుయ్యమని! తుప్పు లేనిచోట ప్రైమరు వేసినవాడి పనిని ఎన్నిసార్లు తిప్పి పంపించానో నాకే తెలీదు. ఆ పాపం నేను చెయ్యలేను. తడి రోజున రంగూ వెయ్యలేను.

నిజం చెప్పాలంటే చక్కెర కూడా బాగానే దొరుకుతోంది.

1 ఆగస్టు

రమణ రాయలేదు. నేనూ రాయలేదు. ఎవరు ముందు రాస్తారో చూద్దాం.

5 ఆగస్టు

సాంబారు చెయ్యబోతే రసం అయింది. రసం అనుకునే తిన్నాను.

12 ఆగస్టు

నరసింహమూర్తి నుంచి కార్డు. పాపకి కమలాకుమారి అని పేరు పెట్టారట. సెప్టెంబరు మూడు శుక్రవారం అన్నప్రాశన, పొద్దున తొమ్మిది దాటాక ముహూర్తం. కింద ఇంకో మూడు వాక్యాలు. మీ దగ్గర్నుంచి ఏ మాటా లేదు గనక, మా ఆవిడ సుమిత్ర వాళ్ళ అక్కగారు, ఖమ్మంవాళ్ళు, పాపని అడుగుతున్నారు. వాళ్ళకీ పిల్లలు లేరు. ఆ రోజే వాళ్ళ ఒడిలో పెట్టేద్దామని అనుకుంటున్నాం.

మంచిదే. ఖమ్మంవాళ్ళు యోగ్యులు. పిల్ల సుఖపడుతుంది.

13 ఆగస్టు

ఖమ్మంవాళ్ళ ఇంట్లో గాలీ వెలుతురూ అంతగా ఉండవు. ఒకసారి వెళ్ళాను కదా.

14 ఆగస్టు

ఖమ్మం ఆయన చుట్టలు కాలుస్తాడు. ఇంట్లోనే.

15 ఆగస్టు, ఆదివారం

ఫ్యాక్టరీలో జెండా ఎగరేశారు. మిఠాయి ఇచ్చారు. ఒకటి తిని ఒకటి జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చాక ఎవరికిద్దామని తెచ్చానా అనిపించింది. చీమలు పట్టాయి.

ఖమ్మం ఆయన గురక కూడా పెడతాడు. నెలల పిల్ల ఆ ఇంట్లో ఎలా నిద్రపోతుందో వాళ్ళే ఆలోచించుకోవాలి. మనకెందుకు.

22 ఆగస్టు, ఆదివారం

ఎవరూ చదవని చోట రాస్తున్నాను గనక రాయచ్చు. నాకు భయంగా ఉంది. పరాయివాళ్ళ పిల్లని తెచ్చుకుని, సరిగా పెంచలేకపోతే? నేను ఉద్యోగంలో ఇన్నేళ్ళూ లోపాలే చూశాను. ఏది ఎదురుగా పెట్టినా ముందు మచ్చ ఎక్కడుందా అనే చూస్తాను. రమణ వంట చేసినా అంతే. పిల్లని కూడా అలాగే చూస్తే ఆ పిల్ల గతేం కాను?

జీపుని రుద్దుకుంటుంటే ఈ ఆలోచనలు రావు. అందుకే రుద్దుతున్నాను. రుద్దడానికి తుప్పేం మిగల్లేదు కూడా.

29 ఆగస్టు, ఆదివారం

రంగు కలిపాను. డబ్బా మూత తీయగానే జల్లు మొదలైంది. మూత పెట్టాను, ఆగింది. తీశాను, మొదలైంది. గోడవతల గొడుగు కింద నిలబడి చూస్తున్న మొగులయ్య తల కొట్టుకుని మళ్ళీ చేనుకి వెళ్ళిపోయాడు.

1 సెప్టెంబరు

సెలవు పెట్టాను. రమణని తీసుకురావడానికి వెళ్తున్నాను. బస్సులో వెళ్ళచ్చు గానీ, బస్సులో ఆ గతుకులకి నెలల పిల్ల...

రమణకి గతుకులు పడవు. జీపులోనే వెళ్తాను.

2 సెప్టెంబరు, గురువారం. సూర్యాపేట

సత్రంలో దిగాను. నన్ను చూసి సత్రం ఖాళీ అయింది. మేనేజరు, వంటవాడు కూడా లేరు. నేనే పప్పు వండుకున్నాను. దారిలో టీకొట్టు దగ్గర ఆపితే, టీ కొట్టాయన పారిపోతూ పారిపోతూ పాలు పొంగకుండా పొయ్యి తగ్గించి మరీ పరిగెత్తాడు. పనిమంతుడు.

రేపు ఏం మాట్లాడాలో అద్దం ముందు నాలుగుసార్లు అనుకున్నాను. "చూడు నరసింహమూర్తీ, అన్ని విషయాలూ సాకల్యంగా పరిశీలించిన మీదట" అని మొదలుపెడతాను.

3 సెప్టెంబరు, శుక్రవారం. జగ్గయ్యపేట దగ్గర, అత్తవారి ఊరు

ఇవాళ చాలా జరిగింది. వరసగా రాస్తాను.

తొమ్మిదికి ఊళ్ళోకి వచ్చాను. మామిడాకుల తోరణం, పందిరి కనబడ్డాయి. పందిరి నిండా మగవాళ్ళు. సందు మలుపులో ఎవడో "వచ్చింది రోయ్!" అని కేక వేశాడు. వాళ్ళెవరూ ఈ జీపుని చూసినవాళ్ళు కాదు, ఎర్ర ముక్కోణాన్ని మాత్రం అందరూ చూశారు. నేను బ్రేకు వేసేలోపు పందిరి ఖాళీ.

నరసింహమూర్తికి ముగ్గురు పిల్లలు కదా, వాడు అందరికంటే ముందు. పట్టుపంచె కొస నోట కరిచి గడ్డివాము వెనక్కి దూకాడు. పురోహితుడు పీటల మీది నుంచి లేచి, మంత్రం ఆపకుండానే వెళ్ళిపోయాడు, చాలా దూరం దాకా వినబడింది. ఖమ్మం ఆయన పెరటి గోడెక్కి, అవతలున్న మిరపతోటలో పడ్డాడు. పిల్లలే లేని మనిషి, ఆయనెందుకు పరిగెత్తాడో ఆయనకే తెలియాలి.

ఆడవాళ్ళు మిగిలారు. మధ్యలో సుమిత్ర, ఒళ్ళో పాప. ఎదురుగా వెండిగిన్నెలో పాయసం. గుమ్మంలో రమణ.

రమణ నన్ను చూసింది. జీపుని చూసింది. ఎర్ర ముక్కోణాన్ని చూసింది. మొహం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను. నవ్వు. గుమ్మం పట్టుకుని, కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, "ఏమిటండీ ఇది?" అంది.

"ప్రైమరు. తేమ తగ్గాక పైరంగు వేస్తాను."

"మీరు మారరు" అంది. ఆ మాట అన్నప్పుడు గొంతులో నవ్వు లేదు.

ఇంతలో లోపలి నుంచి ఎవరో పెద్దావిడ, "తొమ్మిదిన్నర దాటితే వర్జ్యం వచ్చేస్తుంది, మొగాళ్ళని పిలవండే" అని అరిచింది. ఆడవాళ్ళు పెరట్లోకెళ్ళి కేకలేశారు. ఒక్కరూ రాలేదు. గడ్డివాములోంచి నరసింహమూర్తి "వెళ్ళాడా?" అని మాత్రం అడిగాడు. "వచ్చింది బావగారు రా" అని రమణ అరిస్తే, "నన్ను బయటికి రప్పించడానికి అలాగే చెప్పమంటారు" అన్నాడు.

ఖమ్మం ఆయన మిరపతోట దాటేశాడట.

సుమిత్ర నావైపు చూసింది. "అన్నయ్యగారూ, ముహూర్తం దాటిపోతోంది. మీరొచ్చి కూర్చోండి" అంది.

కూర్చున్నాను. పాపని నా ఒళ్ళో పెట్టారు. నేను చంటిపిల్లని ఎత్తుకోవడం అదే మొదలు. ఇంత బరువుంటారని అనుకోలేదు. ఇంత వేడిగా ఉంటారనీ అనుకోలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కొయ్యబారిపోయాను. రమణ వచ్చి నా చెయ్యి తీసి పాప వీపు కింద పెట్టింది. "అలా కాదు, ఇలా" అంది. మూడు నెలల తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

నా వేలి ఉంగరం తీసి, కడిగి, పాయసంలో ముంచి, నాలుక మీద రాశాను. పాప మొహం చిట్లించింది, ఆలోచించింది, మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ రాశాను. అప్పుడు నా చూపుడువేలు పట్టుకుని చిగుళ్ళతో కొరికింది. గట్టిగా. వదల్లేదు.

నేను వెతికాను. అలవాటు కదా, మచ్చ ఎక్కడుందా అని వెతికాను. ఎడమ చెవి కుడి చెవి కంటే కొంచెం పెద్దది. అదే ఎంత బాగుందో.

సాకల్యంగా పరిశీలించిన మీదట అన్న ముక్క నోట్లోంచి రాలేదు. "సుమిత్రా, ఈ పిల్లని నాకిస్తావా అమ్మా?" అని ఏడ్చేశాను. అందరి ముందూ. పెద్దావిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

సుమిత్ర పాప మూతికంటిన పాయసం కొంగుతో తుడిచింది. కన్నతల్లి, ఎంత కష్టమో నేనేం చెప్పగలను. తర్వాత అంది, "ఇవ్వడమని అనకండి అన్నయ్యగారూ. మీ దగ్గర పెరుగుతుంది. నాకు చూడాలనిపించినప్పుడు పిలిస్తే తీసుకురావాలి. ఈ బండిలో మాత్రం కాదు."

మాట ఇచ్చాను. ఖమ్మం అక్కగారు ఏమనుకుంటుందోనని సుమిత్ర అటు చూసింది. ఆవిడ మిరపతోట వైపు చూస్తూ "ముందు నా మొగుణ్ణి వెతికిపెట్టండి" అంది.

నరసింహమూర్తి మధ్యాహ్నం భోజనాలకి వచ్చాడు, తలనిండా గడ్డితో. "మీరా బావగారూ!" అన్నాడు. విషయం చెప్పారు. వాడు నన్ను కావలించుకున్నాడు. తర్వాత బయటికెళ్ళి, జీపుని దూరం నుంచే ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి వచ్చి తలుపు వేశాడు.

5 సెప్టెంబరు, ఆదివారం

ఇల్లు చేరాం. ముగ్గురం. దారిలో ఎవరూ అడ్డం రాలేదు, రోడ్డంతా మాదే.

8 సెప్టెంబరు

రమణ నా రసాన్ని చూసి సాంబారా అని అడిగింది.

11 సెప్టెంబరు

పాప రాత్రంతా మేలుకుంటుంది. నేను ఫ్యాక్టరీలో నిద్రపోతున్నాను. నిన్న రేకు మీద మచ్చ ఉంటే చూడకుండా పాస్ చేశానట. షాపంతా చెప్పుకుంటున్నారు.

19 సెప్టెంబరు, ఆదివారం

పొద్దున్నించీ ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. రేకు మీద చెయ్యి పెడితే పొడిగా, వెచ్చగా ఉంది. ఇలాంటి రోజు కోసమే కదా జూన్ నుంచీ చూస్తున్నాను. డబ్బా తీశాను, రంగు కలిపాను, బ్రష్షు కడిగి పెట్టుకున్నాను. కౌసల్యమ్మ కబురు పంపినట్టుంది, మొగులయ్య చేను నుంచి వచ్చి గోడవతల నిలబడ్డాడు. దుప్పటి భుజాన వేసుకుని, ఇక ఇంట్లో పడుకుందామని.

రమణ స్నానానికి వెళ్తూ, "ఒక్క నిమిషం పట్టుకోండి" అని పాపని ఇచ్చింది. వాకిట్లో మంచం మీద పడుకుని గుండెల మీద వేసుకున్నాను. చొక్కా గుండీ ఒకటి పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది.

రమణ వచ్చింది. తీసుకోబోయింది. వద్దని సైగ చేశాను, లేస్తుందని.

ఎండ నడినెత్తికి వచ్చింది. దిగింది. బ్రష్షు ఎండిపోయింది. "సారూ, రంగు ఎప్పుడేస్తవ్?" అని మొగులయ్య గోడవతల నుంచి గట్టిగా అడిగాడు. వేలు పెదాల మీద పెట్టి పాపని చూపించాను.

మొగులయ్యకి ఐదుగురు పిల్లలు. చూడగానే అర్థమైపోయింది.

"ఇగ గదైతదా ఏందీ" అని దుప్పటి దులుపుకుని, చప్పుడు కాకుండా, జొన్నచేనుకి వెళ్ళిపోయాడు.